గొడుగమ్మ అక్కకు ఊరు చూపించిన రోజు

ఆ ఊరు చూడటానికి వచ్చేవాళ్ళంటే గొడుగమ్మకు ఒళ్ళుమంట. వాళ్ళ వల్లే ఆమె ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. వాళ్ళు రాని చలికాలంలో కిటికీ దగ్గర కూర్చుని ఖాళీ రోడ్డును తిట్టుకుంటుంది. అయినా సరే, ఒళ్ళుమంటే.

ఊరిని అనడానికేమీ లేదు. ఒకవైపు నీళ్ళు, ఇంకోవైపు కొండలు, నడుమ పార్కులు, మ్యూజియాలు, గడియారం ఉన్న మేడ. తెల్లవారుజామున పొగమంచు లేచీ లేవకుండా ఉన్నప్పుడు ఊరు నిద్రలో పక్కకు తిరిగిన మనిషిలా ఉంటుంది. కొండలు ఒకదాని వెనక ఒకటి, ఆరేసిన నీలం బట్టల్లా వేలాడతాయి; వెనక్కి వెళ్ళేకొద్దీ రంగు వెలిసిపోతుంది. రేవులో కట్టేసిన పడవలు తమ నీడల్ని తామే నాకుతున్నట్టు మెల్లగా ఊగుతాయి. ఆ కాసేపూ ఊరిని ప్రేమించవచ్చు. ఆ తర్వాత బస్సులొస్తాయి.

బస్సుల్లోంచి ముందు టోపీలు దిగుతాయి. తర్వాత నీళ్ళ సీసాలు, తర్వాత పొట్టలు, ఆఖరికి మనుషులు. దిగీ దిగగానే నీళ్ళకు వీపు పెట్టి పళ్ళికిలించి ఫోటోలు తీయించుకుంటారు. దేన్ని చూడటానికి అంత దూరం వచ్చారో దానికే వీపు చూపించి, చూపించినట్టు సాక్ష్యం కూడా పట్టుకుని ఇంటికి పోతారు. ఆమెను అడిగే మొదటి ప్రశ్న, "బాత్రూం ఎక్కడండీ?" రెండోది, "కొండ మీద తినడానికేమైనా దొరుకుతుందా?" మూడో ప్రశ్న అడిగే మనిషి ఇంకా పుట్టలేదని ఆమె అభిప్రాయం.

ఆమె గైడు. పొద్దున పార్కు, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం కొండ రైలు. ఎర్ర గొడుగు ఒకటి మూసి, పిడి పట్టుకుని నెత్తికి మించి ఎత్తి నడుస్తుంది. వెనక జనం ఆ గొడుగును చూసుకుంటూ నడుస్తారు. రేవులో పడవలవాళ్ళూ, మ్యూజియంలో టిక్కెట్లిచ్చే అబ్బాయిలూ ఆమెకు గొడుగమ్మ అని పేరు పెట్టారు. అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. ఒకాయన ఉండేవాడు, ఆయనతో పెళ్ళి నిలవలేదు. ఇప్పుడు కొండకవతల టైర్ల కొట్టు పెట్టుకున్నాడు. ఆయన్ను అడ్డంగా దాచిపెట్టినందుకు కొండకు కృతజ్ఞత చెప్పాలో, దాటనిచ్చినందుకు తిట్టాలో ఆమెకు ఇప్పటికీ తేలలేదు.

పనిలో ఆమెకు రెండు నియమాలు. ఒకటి, వెనక్కి తిరిగి చూడదు. తిరిగితే జనం ఆగుతారు, ఆగితే నోళ్ళు తెరుస్తారు. కొత్తగా పనిలో చేరిన గైడులకు కూడా ఇదే చెబుతుంది: "ముఖాలు చూడొద్దమ్మా. చూస్తే జాలేస్తుంది. జాలేస్తే ఆలస్యమవుతుంది." రెండోది, ఎంత వాన కురిసినా గొడుగు తెరవదు. మూసి ఎత్తినంతసేపే అది జెండా. తెరిస్తే నలుగురి గొడుగుల్లో అదో గొడుగు. అందుకే జడివానలో చేతిలో గొడుగుండి కూడా తడిసి ముద్దయి నడిచే ఆ మనిషిని చూసి పడవలవాళ్ళు నవ్వుకుంటారు.

చెప్పేదాంట్లో సగం అబద్ధం. పార్కు నడుమ గుర్రం మీద కూర్చున్న రాతి మనిషిని చూపించి, "యుద్ధంలో ఓడిపోయి కూడా తలవంచని వీరుడు" అంటుంది. అతనో ధాన్యం వ్యాపారి. బతికుండగా గుర్రమెక్కిన పాపాన పోలేదు. గుర్రం కూడా ఒప్పుకుని ఉండేది కాదు, అంత లావు. పార్కు కట్టించడానికి డబ్బిచ్చాడు కాబట్టి రాతిలో సన్నబడ్డాడు. ఈ సంగతి ఆమెకు తెలుసు. "వీళ్ళకు నిజం దేనికి? బస్సెక్కేలోపు మర్చిపోతారు. మర్చిపోయేదేదో గొప్పగా ఉన్నది మర్చిపోనీ," అంటుంది.

అలాంటి గొడుగమ్మకు ఒకనాడు అక్క ఫోన్ చేసింది.

అక్క కూతురికి ఆ ఊరి కాలేజీలో సీటొచ్చింది. నీళ్ళ అడుగున నేల ఎలా ఉంటుందో కొలిచి పటాలు గీసే చదువు. పిల్ల మహా పొడుగు, సన్నం. తండ్రి ముద్దుగా "నిచ్చెన" అంటాడు, ఆ ముద్దు పిల్లకు గిట్టదు.

"హాస్టల్లో వెయ్యాలా, నీ దగ్గర ఉంచాలా అని ఆలోచిస్తున్నాం," అంది అక్క. "ఓసారి వచ్చి చూసుకుని, అప్పుడు తేలుస్తాం."

"నన్ను చూసుకోవడమేంటి, నేనేమన్నా అద్దె కొంపనా? నీ ఇష్టం. నాకైతే ఒకటే మంచం. ఇరుకు," అంది గొడుగమ్మ.

ఫోన్ పెట్టేసి, చెప్పులేసుకుని, బజారుకెళ్ళి రెండో మంచం కొనుక్కొచ్చింది. మ్యూజియం వెనక వీధిలో మూడో అంతస్తు ఆమెది. ఒక గది, ఒక వంటిల్లు. మెట్లు ఇరుకని మంచాన్ని విడగొట్టి, కోళ్ళు ఒకసారి, పట్టెలు ఒకసారి మోసుకుపోయింది. తన పాత మంచాన్ని వంటింటి గోడకు నెట్టి, కొత్తదాన్ని కిటికీ కింద వేసింది. ఆ కిటికీలోంచి కొంచెం మెడ సాచితే నీళ్ళు కనబడతాయి. పక్కన ఒక బల్ల దీపం పెట్టింది. వెలిగించి చూసింది. ఆర్పింది. మళ్ళీ వెలిగించి, వెలుగు పడినంతమేరా దిండు జరిపింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమె ముఖం ఎవరైనా చూసి ఉంటే గొడుగమ్మ అని గుర్తుపట్టేవాళ్ళు కారు. చూసేవాళ్ళు లేరు కాబట్టి సరిపోయింది.

అక్కావాళ్ళు ఆదివారం దిగారు. టూరిస్టులు ఈగల్లా ముసిరే రోజు.

"మమ్మల్ని కూడా ఈ గుంపులో కలిపేస్తావటే?" అంది అక్క, బస్సు దగ్గర నిలబడ్డ టోపీల్ని చూసి.

"పని మానుకుంటే కూడెవరు పెడతారు? అయినా నా పని నువ్వెప్పుడన్నా చూశావా?"

చూడలేదు. చూడకుండానే అక్క తన ఊళ్ళో అందరికీ, "మా చెల్లెలు అక్కడ దారి చూపిస్తూ ఉంటుంది" అని చెబుతుంది. లారీ వెనక్కి తీసేటప్పుడు చేతులూపే మనిషి గురించి చెప్పినట్టు చెబుతుంది. ఆ మాట తిరిగి తిరిగి చెల్లెలి చెవిన పడి ఏళ్ళయింది. పడ్డచోటే ఉంది.

అందుకే ఆ రోజు గొడుగమ్మ కొత్త బట్టలు కట్టింది. మీగడ రంగువి. నీటి చుక్క పడితే మరక కట్టే రకం. కొట్టువాడు ఆ మాట చెప్పాడు కూడా.

బస్సు దగ్గర అందరినీ నిలబెట్టి రోజూ చెప్పేదే చెప్పింది: "ఎత్తిన గొడుగు, మూసిన గొడుగు. అది కదిలితేనే కదలండి. అది కనబడకపోతే ఉన్నచోటే చెట్టులా నిలబడండి. మీ తెలివి వాడొద్దు. సొంత తెలివి వాడినవాళ్ళను వెతకడానికి నాకు టైం లేదు."

అంతా నవ్వారు. తిట్టినా నవ్వుతారు. అది కూడా టిక్కెట్టులో భాగమే అనుకుంటారు.

పార్కులో బావ మొదలుపెట్టాడు. ఆయనకు నీటి మోటార్ల దుకాణం ఉంది. ప్రపంచంలో ఏది చూసినా అది నీళ్ళు ఎంత ఎత్తుకు తోడగలదో లెక్కగడతాడు.

"ఫౌంటెన్ బాగానే ఉంది మరదలా. కానీ మోటారు చిన్నది. మా కొట్లోది పెడితే పావురాలకు కూడా స్నానమయ్యేది."

"పావురాలు మిమ్మల్ని అడిగాయా బావగారూ?" అంది గొడుగమ్మ ముందుకు చూస్తూనే.

రాతి వీరుడి గురించి ఆ రోజు మామూలుకంటే ఎక్కువే చెప్పింది. ఓటమిలో అతని పక్కన నిలబడ్డ తల్లిని కల్పించింది. గాయపడిన గుర్రం నీళ్ళలో తన ముఖం చూసుకున్న సాయంత్రాన్ని కల్పించింది. గొంతులో తేమ తెచ్చుకుంది. వెనక జనం నిట్టూర్చారు. అక్క ఎలా విందో తెలియదు. తెలుసుకోవాలంటే తిరిగి చూడాలి.

"యుద్ధానికి పోయినవాడికి అంత పట్టుబట్టలేంటి పిన్నీ?" వెనకనుంచి నిచ్చెన గొంతు.

"ఓడినవాడి బట్టలు. నలగలేదు," అంది పిన్ని, నడుస్తూనే.

మ్యూజియం ఎప్పటిలాగే చల్లగా, పాత నీళ్ళ వాసనతో ఉంది. పగిలిన కుండలు, పేరు తెలియని రాణుల చెవిపోగులు, మునిగిన పడవలోంచి తీసిన చెంచాలు. బతికున్నప్పుడు ఎవరూ రెండోసారి చూడని వస్తువులు, చచ్చాక అద్దం వెనక కూర్చుని జనాన్ని చూస్తున్నాయి. జనం చెంచాలకు ఫోటోలు తీశారు. ఇంట్లో చెంచాల్లేని కొంపల నుంచి వచ్చినట్టు తీశారు. ఒకావిడ కుర్చీ కనబడితే కూలబడింది. అది కూడా ప్రదర్శనలోదేనని కాపలావాడు లేపాడు. ఇవన్నీ గొడుగమ్మ చూడకుండానే చెప్పగలదు. రోజూ జరిగేవే.

బయటికొచ్చే వసారాలో ఇంకో గుంపు ఉంది. అది మైకాయన గుంపు. చేతి మైకు నోటికానించుకుని, పక్కనున్నవాడికి కూడా అందులోనే చెప్పే మనిషి ఆయన. తన జనాన్ని, అంతా ఉద్యోగాల్లోంచి రిటైరై ఊళ్ళు తిరుగుతున్న పెద్దవాళ్ళను, అక్కడ నిలబెట్టి టీ తాగడానికి పోయాడు. ఆ సమయానికి వాన మొదలైంది.

కొండల మీంచి దిగిన వాన. ముందు కొండలు పోయాయి, తర్వాత నీళ్ళు పోయాయి, గడియారం మేడ పోయింది. ఊరంతా బూడిద రంగులో కరిగి, మెట్ల మీద చిటపటలు మాత్రమే మిగిలాయి. గొడుగమ్మ వసారా చివర నిలబడి తన మీగడ రంగు బట్టల్ని చూసుకుంది. తడిసి మరకలు కట్టి, జుట్టు నుదుటికి అతుక్కుని కొండ మీద అక్క ముందు నిలబడాలి. "దారి చూపిస్తూ ఉంటుంది" అనే మాటకు సరిగ్గా సరిపోయే బొమ్మ.

గొడుగు తెరిచింది.

తెరిచి, వానలోకి దిగి, ఎప్పటిలా వెనక్కి చూడకుండా నడిచింది. వెనక అడుగుల చప్పుడు వినబడింది. చాలు అనుకుంది.

ఆమె వెనక వసారాలో టపటపా గొడుగులు విచ్చుకున్నాయి. ఆమె జనం పొద్దున చెప్పిన మాటకు కట్టుబడి, ఎత్తిన మూసిన గొడుగు కోసం వెతికారు. కనబడలేదు. చెట్లలా నిలబడ్డారు. తమ తెలివి వాడలేదు. మైకాయన పెద్దవాళ్ళకు అలాంటి ఆజ్ఞ ఏదీ లేదు. నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ఎవరో ఒక గైడమ్మ కదిలింది కాబట్టి వాళ్ళూ కదిలారు. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళ బుద్ధి అంతే. ముందో మనిషి నడుస్తుంటే చాలు, నీళ్ళలోకైనా దిగుతారు.

కొండ రైల్లో గొడుగమ్మ ఎప్పుడూ ముందు, డ్రైవరు పక్కన కూర్చుంటుంది. వెనక పెట్టెలో జనం కూర్చున్నారు. రైలు మూలుగుతూ ఎక్కింది. పక్కన తడిసిన బండలు, వాటిమీద పాకుడు, నీళ్ళు జారే సన్నని గీతలు. సగం దారిలో వాన కిందికి పోయింది. రైలు మబ్బులోకి వెళ్ళి, మబ్బులోంచి బయటికొచ్చింది. ఎండ. కొండ మీద అక్కతో అనబోయే మాటల్ని ఆమె లోపల్లోపలే కూర్చుకుంటోంది. ఆ కూర్చుకోవడం మీద కూడా ఆమెకు చిరాకే.

కొండ మీద కటకటాల దగ్గర నిలబడి, లోయ వైపు ముఖం పెట్టింది. కింద మబ్బు నెమ్మదిగా చిరిగి, చిరుగులోంచి నీళ్ళు తొంగిచూశాయి. ఇక్కడ రోజూ కొండ ఎత్తు చెబుతుంది. ఆ రోజు చెప్పలేదు.

"ఈ పూట మీకు కొండ కథ చెప్పను," అంది. "మీలో మా అక్క ఉంది. మా బావగారున్నారు. మా అక్క కూతురుంది. ఆ పిల్ల పుట్టినప్పుడు ఆస్పత్రి వరండాలో ముందు ఎత్తుకున్నది నేనే. అప్పుడే పొడుగు. అక్కా, ముఖాముఖి అడగడం నాకు చేతకాదు, అందుకే ఇలా అడుగుతున్నా. నా గదిలో కిటికీ కింద మంచం వేశాను. దీపం పెట్టాను. నేను తిట్టేదాన్నే, తిట్లు తప్ప నాకు వేరే భాష రాదు. కానీ పిల్లకు వేళకు అన్నం పెడతాను, ఆలస్యమైతే మెట్ల దగ్గర నిలబడతాను. హాస్టల్లో వెయ్యకు. దాన్ని నా దగ్గర ఉంచు. ఒక్కదాన్నే ఉండి ఉండి, ఇప్పుడు నాకు గోడలతో కూడా పడటం లేదు."

వెనక ఎవరో ముక్కు చీదారు. అక్కే అనుకుంది. అక్క ఏడుపు అలాగే ఉంటుంది, చిన్నప్పటినుంచీ. తిరిగింది.

వానకోట్లు వేసుకున్న ముసలివాళ్ళు. ఒక్క ముఖం కూడా తెలిసింది కాదు. ముక్కు చీదింది చెవికి మిషను పెట్టుకున్న ఒక పెద్దాయన.

"ఏరమ్మా మీ అక్కగారు?" అంది ఒకావిడ చుట్టూ చూస్తూ. "ముందుకు రమ్మనండి. పాపం, ఇంతగా అడుగుతుంటే!"

"పిల్లను ఇవ్వమని చెప్పండమ్మా!" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"ఇది రోజూ ఉంటుందా, ఇవాళ ప్రత్యేకమా?" అన్నాడు ఇంకొకాయన. "మా మైకాయన ఇంత బాగా చెప్పడు. అచ్చం నిజంలా చెప్పారమ్మా."

చెవి మిషను పెద్దాయన చప్పట్లు కొట్టాడు. అంతా కొట్టారు. చప్పట్లు లోయలోకి పోయి, నీళ్ళను తాకకుండానే ఆగిపోయాయి.

గొడుగమ్మ జీవితంలో చాలామందిని అసహ్యించుకుంది గాని, ఆ దయగల ముఖాల్ని అసహ్యించుకున్నంతగా ఎవర్నీ అసహ్యించుకోలేదు. దిగేటప్పుడు ఒకావిడ ఆమె చేయి పట్టుకుని, "ఇస్తుందిలే, నీ అక్కే కదా," అంది. గొడుగమ్మ చేయి లాక్కోలేదు. ఎందుకు లాక్కోలేదో ఆమెకే తెలియలేదు. దాని మీద ఇంకో చిరాకు.

మ్యూజియం వసారాలో మైకాయన ఎదురొచ్చాడు, మైకులోనే:

"గొడుగమ్మా! నా ముసలాళ్ళకు కొండ తిప్పుకొచ్చావా? సంతోషం! నీవాళ్ళను నేను పడవెక్కించి పంపేశా. సగం మంది నిన్ను తిడుతున్నారు, మిగతా సగం మంది వాంతులు చేసుకుంటున్నారు!"

మెట్ల మీద అక్క, బావ, నిచ్చెన కూర్చుని ఉన్నారు. వాళ్ళు పడవెక్కలేదు. బావ రొట్టె తింటున్నాడు. అక్క ముఖం గోడలా ఉంది.

"ఇంతసేపా!" అంది అక్క. "ఒక్కసారి, ఒకే ఒక్కసారి తల తిప్పి చూస్తే నీ సొమ్మేం పోయేదే?"

"వాన..."

"వానకు కళ్ళుంటాయా? కళ్ళు నీకుండాలి."

"పోనీలే," అన్నాడు బావ రొట్టె నములుతూ. "మరదలికి మెడ పట్టేసి ఉంటుంది."

ఆ మాటకు ఎవరూ నవ్వకపోతే ఆయనే నవ్వాడు.

గదికి వచ్చాక అక్క గుమ్మంలో ఆగింది. కిటికీ కింద మంచాన్ని చూసింది. కోళ్ళకు చుట్టిన అట్టముక్కలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఇదెప్పుడు కొన్నావే?"

"కొనలేదు. పాతదే."

"పాతదానికి అట్టలేంటి?"

గొడుగమ్మ స్టవ్వు మీద టీ నీళ్ళు పెట్టింది. అక్క మంచం అంచున కూర్చుంది. గొంతు కొంచెం దిగింది గాని, మాట దిగలేదు.

"మంచం వేశావు, సరే. కానీ పిల్లను నీ దగ్గర ఎలా వదలమంటావు, చెప్పు? ఇవాళ ముగ్గురం తప్పిపోతే కొండ దాకా పోతే గాని తెలుసుకోలేదు నువ్వు. రేపు ఇది రాత్రి ఇంటికి రాలేదనుకో, ఏ వారానికి గమనిస్తావు? హాస్టలే. అంతే."

కొండ మీద అన్న మాటల్లో ఒక్కటైనా ఇప్పుడు అంటే చాలు. గొడుగమ్మ నోరు తెరిచింది. ఆ మాటలు వానకోట్ల వాళ్ళు పట్టుకుపోయారు. గిన్నెలో నీళ్ళు మరిగాయి.

అంతవరకూ గోడకానుకుని నిలబడ్డ నిచ్చెన అంది: "తప్పిపోలేదమ్మా. నేను చూశాను."

"ఏం చూశావు?"

"పిన్ని గొడుగు తెరిచి దిగడం. వాళ్ళెవరో వెనక పోవడం. అంతా చూశాను."

"మరి పిలవలేదేమే, నోరు పడిపోయిందా?"

"పిలిస్తే ఎవరైనా తిరుగుతారు. పిలవకపోతే తిరుగుతుందేమో చూద్దామనుకున్నా. తిరగలేదు." పిల్ల చాలా మామూలుగా చెప్పింది, నీటి లోతు చెప్పినట్టు. "అందుకే నేను ఇక్కడే ఉంటానంటున్నా. హాస్టలొద్దు. నువ్వేమో తినేదాకా చూస్తావు, పడుకునేదాకా చూస్తావు, నిద్రలో కూడా వచ్చి చూస్తావు. నాన్న నలుగురినీ పిలిచి మరీ చూపిస్తాడు, మా నిచ్చెన, మా నిచ్చెన అని. నన్ను చూడని మనిషి ఇల్లు ఒకటి దొరికింది. నాకదే కావాలి."

బావ రొట్టె నమలడం ఆపాడు. అక్క చెల్లెలి వంక చూసింది, ఈ పిల్లను ఇలా పెంచింది నువ్వే అన్నట్టు.

గొడుగమ్మ స్టవ్వు ఆర్పింది. కోరుకున్నది చేతిలో పడింది. పడ్డ తీరు మాత్రం ముఖాన కొట్టినట్టుంది. ఊరుకుంటే చాలు, ఏమీ అనకుండా టీ పోస్తే, ఈ పిల్ల ఈ గదిలో, ఈ కిటికీ కింద ఉంటుంది. ఆమె ఇటు తిరిగి, పిల్ల ముఖం చూసింది. పెదవి మీద అక్కాచెల్లెళ్ళ పుట్టింటి విరుపు. కళ్ళలో ఖాళీ, దానిలోకి ఎవర్నీ రానివ్వని కాపలా. ఎవర్నీ లెక్కచెయ్యని చూపు. ఆ చూపు ఎక్కడికి పోతుందో, పోయి పోయి ఎలాంటి గదిలో ఆగుతుందో గొడుగమ్మకు తెలియని సంగతి కాదు. ఆ గదిలోనే నిలబడి ఉంది.

"నువ్వు పొరబడ్డావు," అంది. "నేను చూస్తాను."

"ఎవర్ని?"

"నిన్ను. నువ్వెళ్ళేటప్పుడు చూస్తాను, వచ్చేటప్పుడు చూస్తాను. ఏం తిన్నావని అడుగుతాను. ఎవడితో మాట్లాడుతున్నావని అడుగుతాను. మీ అమ్మకన్నా అన్యాయంగా చూస్తాను, నాకు వేరే పని లేదు. టూరిస్టుల్ని చూడనంత మాత్రాన కళ్ళు లేవనుకున్నావా? అన్నీ దాచిపెట్టుకున్నా."

నిచ్చెన పిన్ని ముఖంలోకి చూసింది. అబద్ధమేమోనని వెతికింది. దొరకలేదు.

"అయితే హాస్టలే నయం," అంది.

"నయమే," అంది గొడుగమ్మ. గ్లాసుల్లో టీ పోసింది. ఒక గ్లాసు కింద కొంచెం ఒలికింది. అక్క లేచి గుడ్డ తెచ్చి తుడిచింది.  అక్క ఏమీ అనకపోవడం చెల్లెలికి అదే మొదటిసారి.

మర్నాడు పొద్దున హాస్టలుకు బయల్దేరారు. నీళ్ళ ఒడ్డు రోడ్డు కడిగినట్టుంది. బస్సులు లేవు. కొండలు అంత దగ్గరగా, అంత స్పష్టంగా, సిగ్గులేకుండా నిలబడ్డాయి, నిన్న అవసరమైనప్పుడు లేని సంగతే గుర్తులేదన్నట్టు. బావ పెట్టె మోశాడు. హాస్టలు గేటు పక్కన నీళ్ళ ట్యాంకు చూసి, మోటారు ఎంత కెపాసిటీదని కాపలావాణ్ణి అడిగాడు.

వార్డెనమ్మ కళ్ళజోడు సర్దుకుని పిల్లను పైనుంచి కిందిదాకా చూసింది. ఆ చూపుకు కొంచెం ఎక్కువ సమయమే పట్టింది.

"ఈ ఊళ్ళో ఎవరైనా ఉన్నారా నీకు?"

అక్క నోరు తెరిచేలోపు నిచ్చెన చెప్పింది: "ఈవిడ. మా పిన్ని. ఆదివారాలు వస్తుంది. పిలవకపోయినా వస్తుంది."

అక్క ఆశ్చర్యంగా కూతురి వంక చూసింది. కూతురు ట్యాంకు వంక చూస్తోంది.

"ఆదివారం కుదరదు," అంది గొడుగమ్మ. "ఆదివారం ఊరంతా పనికిమాలిన జనం. సోమవారం వస్తా. సోమవారం మ్యూజియం సెలవు."

"సోమవారం నాకు క్లాసులుంటాయి."

"గేటు బయట కూర్చుంటా."

"ఎంతసేపు?"

"అది నీకెందుకు? నీ క్లాసేదో నువ్వు విను."